గోలీ సాబ్ తిరిగిచ్చిన శాలువా

టీ హోటల్ భాయ్ ఫోన్ చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతికి నానార్థాలు చెబుతున్నాను. క్లాసులో ఫోన్ ఎత్తకూడదని పిల్లలకు చెప్పేది నేనే, ఎత్తిందీ నేనే. "గోలీ సాబ్ గుజర్ గయే సార్. నీంద్ మేచ్" అన్నాడు. నిద్రలోనే పోయాడట. ఇంకేమీ అనకుండా పెట్టేశాడు. నేను బోర్డు వైపు తిరిగాను. 'కరము' అని రాసి ఉంది, దాని పక్కన చేయి, పన్ను, కిరణం, తొండం. ఇరవై ఆరేళ్లుగా నానార్థాలు చెప్పి జీతం తీసుకుంటున్న తెలుగు పంతుల్ని నేను. ఒక్క మాటకు ఇంకో అర్థం ఉందని తెలుసుకోక, ఆ తెలియనితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఆ పెద్దాయన పట్ల నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

ఆ మాట 'గోలీ'. పాతబస్తీలో మందుబిళ్లా గోలీయే, తుపాకి గుండూ గోలీయే, పిల్లలు మట్టిలో ఆడుకునే గాజు గుండూ గోలీయే. యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఆయన్ని అందరూ గోలీ సాబ్ అనే పిలిచేవాళ్లు. అసలు పేరు రేషన్ కార్డు మీద ఉండేది, అంతే. కొత్తగా కిరాయికి దిగినవాళ్లు మెడికల్ షాపులో పనిచేసి రిటైరైనవాడేమో అనుకునేవాళ్లు. ఆయన ఒక సర్కారు కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి.

పొడగరి. ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు. చేతివేళ్లలో రెండు మూడు వంకర, కుడి చిటికెన వేలు అసలు ముడిచేది కాదు. ఏ గుమ్మంలోకి అడుగుపెట్టినా ముందు ఎడమ దర్వాజ చెక్కను తాకేవాడు, తర్వాత కుడి చెక్కను తాకేవాడు, ఆపైన ఒకడుగు ముందుకు వేసి కాసేపు నిలబడేవాడు. టీ హోటల్లో, బార్బర్ షాపులో, కరెంటు ఆఫీసులో, ఎక్కడైనా ఇంతే. వెనక వచ్చేవాళ్లు "జరుగు కాకా" అని విసుక్కునేవాళ్లు. గుమ్మానికి దండం పెట్టుకుంటున్నాడని నేను అనుకునేవాణ్ణి. మా నానమ్మకూ అలాంటి అలవాట్లు ఉండేవి.

ఏ వస్తువైనా రెండు చేతులతోనే తీసుకునేవాడు. టీ కప్పు, చాకలి ఇచ్చే బట్టలు, ఆటో అతను ఇచ్చే చిల్లర, అన్నీ. రెండు అరచేతులూ పక్కపక్కన తెరిచి, బొటనవేళ్లు తగిలించి, ఛాతీ దగ్గరికి లాక్కునేవాడు. ఎవరైనా ఒక చేత్తో అందుకుంటే ఊరుకునేవాడు కాదు.

"రెండో చెయ్యి ఇంట్ల మర్శొచ్చినవా సార్?" అనేవాడు నన్ను.

"ఇంకో చేతిల ఫోనుంది కాకా."

"ఫోన్ జేబుల వెట్టు. ఒక్క చేత్తోని వట్టింది ఎప్పుడన్న జారుతది."

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆయనకు. ఎవరి మాటలైనా వినేటప్పుడు మొహం చూసేవాడు కాదు, కాళ్లు చూసేవాడు. ఒకసారి ఎన్నికల ముందు బస్తీ నాయకుడొకాయన గల్లీలోకి వచ్చి, పొంగే మురుగు మోరీ బాగు చేయిస్తానని అరగంట ప్రమాణాలు చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గోలీ సాబ్ నా చెవిలో అన్నాడు, "కాలు సూడు సార్. మాట మన దిక్కున్నది, కాలు కారు దిక్కు తిరిగింది. బంతి ఎప్పుడైనా కాలు తిరిగిన దిక్కే పోతది." ఆ మోరీ ఇప్పటికీ అలాగే పారుతోంది. మధ్యలో బంతి ఎందుకు వచ్చిందని అప్పుడైనా నేను అడగలేదు.

ఆయన్ని నాకు పరిచయం చేసింది టీ హోటల్ భాయే. "ఇనో జంగ్ కే టైం కే గోలీ హై సార్" అన్నాడు గొప్పగా. జంగ్ అంటే యుద్ధం. గోలీ అంటే గుండు. ఈడ్చే కాలు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. మూడూ కలిపేసి నేను ఒక కథ అల్లుకున్నాను. ఆయన కూడా ఏనాడూ దాచలేదు పాపం, చెప్పబోయాడు. మా స్కూలు ఇంటర్వెల్ పావుగంట. టీ చల్లారేలోపు మొదలుపెట్టేవాడు. "జంగ్ నడుస్తుండె సార్. గా బంగ్లాదేశ్ జంగ్. ఊరంత చీకటి. కిటికీలకు నల్ల కాయితాలు అంటిచ్చిన్రు. కందకాలు తవ్విన్రు. నేను గోలీ..." అంతలో గంట కొట్టేది. "తర్వాత వింట కాకా" అని లేచేవాణ్ణి. మూడేళ్లు టీ తాగాను ఆయనతో. మూడేళ్లలో 'నేను గోలీ' అనే చోటు దాటి ఒక్కసారీ వినలేదు. తొందర ఒకటే కాదు, మిగతాది నాకు తెలుసుననే పొగరు కూడా. కందకాలు అన్నాడంటే సరిహద్దులో కాక ఇంకెక్కడుంటాయి?

నాలుగేళ్ల కిందట జనవరి ఇరవై ఆరుకి స్కూల్లో ఇద్దరికి శాలువాలు కప్పాలనుకున్నారు. ఒకటి ముఖ్య అతిథికి. ముఖ్య అతిథి ఆ మోరీ నాయకుడే. రెండోది ఎవరికని హెడ్మాస్టరమ్మ అడిగితే నేను చెయ్యెత్తాను. మన బస్తీలోనే యుద్ధంలో గాయపడ్డ మనిషి ఉన్నాడు మేడమ్, ఎవరికీ తెలియదు, నేను కనిపెట్టాను అన్నాను. కనిపెట్టాను అనే మాట వాడానని బాగా గుర్తు.

గోలీ సాబ్ దగ్గరికి వెళ్లి "కాకా, జెండా పండుగకు రావాలె. నీ జంగ్ ముచ్చట అందరికి చెప్తం" అన్నాను.

ఆయన నమ్మలేనట్టు చూశాడు. "గా ముచ్చట జెండా కాడ చెప్తరా సార్?"

"ఎందుకు చెప్పం?"

"ఇన్నేండ్లల్ల ఎవ్వలు అడగలే సార్. మీరే అడిగిన్రు" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వినయం అనుకున్నాను.

ఆ రోజు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వచ్చాడు. భార్య మోకాళ్ల నొప్పులతో రాలేకపోయింది గానీ చొక్కా తానే ఇస్త్రీ చేసిందని నాతో రెండుసార్లు చెప్పాడు. గేటు దగ్గర ఎడమ కమ్మీ తాకాడు, కుడి కమ్మీ తాకాడు, లోపలికి వచ్చాడు. నేను మైకు అందుకున్నాను. రెండు రాత్రులు కూర్చుని రాసుకున్న పరిచయం అది. "శత్రువు గుండును దేహాన దాల్చిన ధీరుడు" అన్నాను. "ఆ అడుగు తడబడుతుంటే దేశం నిలబడింది" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. శాలువా కప్పాం. అంతసేపూ ఆయన కొంచెం అయోమయంగా అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు, ఎవరి గురించి చెబుతున్నానా అన్నట్టు. తర్వాత మైకు ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అందరికి నమస్తే. సార్ మస్తు మంచిగ చెప్పిండు. గని గది నేను గాదు."



"నేను మిలిట్రీల లేను. నాకు గోలీ తగల్లే. నేనే గోలీని. ఫుట్‌బాల్ గోలీని. గోల్ కాడ నిలవడేటోన్ని. జంగ్ టైంల ఒక్క మ్యాచు ఆడిన, గంతే. సార్ తప్పేం లేదు, నేనే సక్కగ చెప్పకపోతి. మాఫ్ చేయుండ్రి."

ముందు తొమ్మిదో తరగతి పిల్లలు నవ్వారు. తర్వాత వెనక నిలబడ్డ తల్లిదండ్రులు నవ్వారు. నాయకుడు గోలీ సాబ్ చేతిలోని మైకులోకి వంగి "ఏంది సార్, తెలుగు సారే గద మీరు" అన్నాడు. దాంతో టీచర్లు కూడా నవ్వారు. హెడ్మాస్టరమ్మ మాత్రం నవ్వలేదు, నా వైపు చూసింది. తప్పు తనదని ఒప్పుకుంటూ నన్ను కాపాడబోయిన మనిషి మీద నాకు ఆ క్షణంలో పట్టరాని కోపం వచ్చింది. కాసేపు నోరు మూసుకుంటే ఏం పోయేది ఈయనకు అనుకున్నాను.

దగ్గరికి వెళ్లి మైకు తీసుకున్నాను. దాని మూతిని అరచేత్తో మూసి, పెదవులు కదలకుండా, "కాకా, ఆ శాలువా ఇటియ్యి" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. నా కాళ్లు చూశాడు. చూసి, శాలువా తీసి, తొందరేమీ లేకుండా నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో నాకు ఇచ్చాడు. నేను ఒక చేత్తో తీసుకున్నాను, రెండో చేతిలో మైకు ఉంది కదా.

ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. పిల్లలు గుసగుసలాడుతున్నారు. నేను మైకులో అన్నాను, "చూశారా పిల్లలూ, పెద్దల వినయం అంటే ఇది. ఈ గౌరవానికి తాను తగనని శాలువా తానే తిరిగి ఇచ్చేశారు." అందరూ చప్పట్లు కొట్టారు. మొదటిసారి కంటే గట్టిగా కొట్టారు. ఆ శాలువాను నాయకుడి వెంట వచ్చిన ఒకాయనకు కప్పాం. ఆయన ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. గోలీ సాబ్ అప్పటికి గేటు దాకా వెళ్లాడు. ఎడమ కమ్మీ తాకాడు. కుడి కమ్మీ తాకాడు. ఈసారి నిలబడలేదు, వెళ్లిపోయాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా బతుకు. ఎవరైనా శాలువా అన్నా, గోలీ అన్నా నన్నే అంటున్నారనిపించేది. ఇంటర్వెల్లో టీ మానేశాను. ఆ గల్లీ తగలకుండా చుట్టు తిరిగి స్కూలుకు వెళ్లేవాణ్ణి. మూడు నెలలు అలా తిరిగాక ఒక ఎండ మధ్యాహ్నం యాకుత్‌పురా స్టేషన్లో లోకల్ రైలు కోసం కూర్చుంటే పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. ఆయనే. చేతిలో మందుల సంచి. లేచి పోదామంటే రైలు రాలేదు, ప్లాట్‌ఫామ్ మీద వేరే నీడ లేదు.

"జంగ్ నడుస్తుండె సార్" అన్నాడు, నిన్న ఆపిన చోట మొదలుపెట్టినట్టు.

ఈసారి గంట కొట్టేవాళ్లు లేరు.

"కార్ఖానా టీముల నేను మూడో గోలీని. అసలు గోలీని ఫౌజ్‌లకు పిలిచిన్రు. రెండోటోనికి పచ్చకామెర్లు. ఇగ నేనే మిగిలిన. సీజన్ల ఆఖరి మ్యాచు గది. డ్రా అయినా కప్పు మాదే. నేను అప్పుడు టెంపరవరీ. కప్పు కొడితే పర్మనెంట్ చేస్తనని పెద్ద సాబ్ అన్నడు. మాకు లగ్గమై ఆర్నెల్లు."

మైదానం అంచున, విమానాలొస్తే దాక్కోవడానికి కందకం తవ్వారట. లైట్లు వేయకూడదు కాబట్టి పొద్దు మునిగేలోపు ఆట ముగించాలట. ముగిసేలోపే పొద్దు మునిగింది. ఆఖరి నిమిషాల్లో ఎదుటివాడు కొట్టిన బంతి పైకమ్మీకి తగిలి కిందికి పడింది. ఈయన దాని మీద పడ్డాడు, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లైను కాడ జెండా వట్టుకున్నాయన ఉరుక్కుంట వచ్చి కందకంల వడ్డడు సార్" అని నవ్వాడు. ఆ నవ్వు కాసేపు ఆగలేదు. "రెఫరీ దూరమున్నడు. సగం చీకటి. వచ్చి నన్నే అడిగిండు. 'దగ్గరున్నది నువ్వే. బంతి గీత దాటిందా?' అన్నడు."

"ఏమన్నవు కాకా?"

"దాటింది అన్న."

నేను ఆయన వైపు తిరిగాను. "లేదంటే ఎవలకు తెలుస్తది?"

ఆయన వంకర వేళ్లున్న అరచేతులు రెండూ తెరిచి చూపించాడు. "రెండు చేతులతోని వట్టుకున్న సార్. ఏడ వట్టిన్నో నాకు ఎర్కలేదా? ఒక్క చేత్తోని అయితే డౌటు అంటుంటి."

కప్పు పోయింది. ఆటగాళ్ల గుడారం వెనక సొంత టీమువాడే ఒకడు మోకాలి మీద తన్నాడు. "జంగ్‌ల అందరికి గోలీ తగిలింది, గోలీకి బూటు తగిలింది" అన్నాడు. మళ్లీ ఏనాడూ ఆడలేదు. తొమ్మిదేళ్లు టెంపరవరీగానే ఉన్నాడు. "గా తొమ్మిదేండ్లు మా ఇంటామె తిట్టుడే తిట్టుడు. ఒక్క మాట మింగితే పోతుండె గద అని. ఇప్పుడు తిట్టనీకె ఇంకోటి దొరికింది ఆమెకు."

ఆ ఇంకోటి ఏమిటో నాకు అర్థమైంది. 'తప్పయింది కాకా' అనడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. రెండు మాటలు. నోటి దాకా వచ్చాయి. అప్పుడు రైలు వచ్చింది. అది ఫలక్‌నుమా పోయే రైలు, నేను ఎక్కాల్సింది కాదు. ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఆయన ప్లాట్‌ఫామ్ మీద నేను అంతవరకూ కూర్చున్న చోటు కింద, నా కాళ్లు ఉన్న చోటే చూస్తున్నాడు.

ఆ తర్వాత ఆయన మంచం పట్టాడని విన్నాను, వెళ్లలేదు. పోయాడని ఫోన్ వచ్చిన రోజు పురానాపూల్ శ్మశానానికి తీసుకెళ్లారట, పేపర్లు దిద్దాలని వెళ్లలేదు. మొన్న దినాలకు మాత్రం వెళ్లాను. టీ హోటల్ భాయ్ చెయ్యి పట్టి తీసుకెళ్లాడు. ఆ ఇంటి గుమ్మం ఎడమ చెక్క మీదా కుడి చెక్క మీదా చెయ్యెత్తు మేర రంగు పోయి నున్నగా మెరుస్తోంది. వాటి మధ్య నుంచి లోపలికి వెళ్లడానికి కాళ్లు రాలేదు.

ఆయన భార్య చిన్న మనిషి. నన్ను గుర్తుపట్టి పక్కన పీట వేసింది. భోజనాలు అయ్యాక, జనం పల్చబడ్డాక, దగ్గరికి వచ్చి కూర్చుంది.

"సార్, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పుండ్రి. గా జెండా పండుగ దినం శాలువా కప్పిన్రట గద. నేనే వాపస్ ఇచ్చిన, నాకెందుకు అన్నడు. నేను మస్తు తిట్టిన. ఆ మనిషికి జిందగీల ఒక్కటే వచ్చింది, గది గూడ ఇచ్చొస్తివా అని నాలుగేండ్లు తిట్టిన. పోయే ముంగటి దినం గూడ తిట్టిన." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "ఇప్పుడు మనసు కొట్టుకుంటున్నది సార్. అబద్ధమాడే మనిషి గాదు, గని నాకెందుకో డౌటు. ఆయనే ఇచ్చిండా? ఎవలన్న తీస్కున్నరా? దగ్గరున్నది మీరే గద."

నేను తల వంచుకున్నాను. నా కాళ్లు కనిపించాయి. రెండూ గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.

"ఆయనే ఇచ్చిండమ్మా" అన్నాను.

ఆమె చాలాసేపు నా వైపు చూసి తలూపింది. "అయితే తిట్టిన గని అన్యాలమైతే చెయ్యలే" అంది. లేచి వెళ్లి టీ తెచ్చింది. ఒక చేత్తో అందుకున్నాను.

ఆమె మనసు కుదుటపడాలనే అలా అన్నానని దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా అబద్ధమే. ఉద్యోగం పోతుందని తెలిసీ అబద్ధమాడని మనిషి, నా కోసం ఇంట్లో ఆడాడు. ఆ ఒక్క అబద్ధానికి నాలుగేళ్లు తిట్లు తిన్నాడు. అలాంటి మనిషి ఇంట్లో కూర్చుని, ఆయన భోజనం తిని, నేను మళ్లీ దాని మీదే ఇంకొకటి పేర్చి వచ్చాను.

ఆమెకు చదవడం రాదు. మనవరాలు ఆదివారాలు పేపరు చదివి వినిపిస్తుందని విన్నాను. ఆ పిల్ల తెలుగు నేర్చుకుంది నా దగ్గరే. ఇది అచ్చయితే, అమ్మా, పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి. ఆయన ఇయ్యలే. నేనే అడిగి తీస్కున్న. దగ్గరున్నది నేనే.